నీళ్ళ వరసలో

కాలేజీలో చేరిన కొత్తలో
నీలం అట్ట నోటుబుక్కు ఒకటి కొన్నాను.
మొదటి పేజీలో స్కేలు పెట్టి గీతలు కొట్టి రాసుకున్నాను:
ఐదింటికి లేవాలి
రోజుకి ముప్పై పేజీలు చదవాలి
మంచం మీద ఫోను ముట్టుకోకూడదు
కోపం తగ్గించుకోవాలి.
తొమ్మిదో రోజు దాకా టిక్కులున్నాయి.
ఆ తర్వాత పేజీలన్నిటా
తమ్ముడు తెమూలెన్ గుర్రాల బొమ్మలు వేశాడు.
బాగానే వేశాడు.

చదవడం నాకు ఆ జాబితాలోంచి రాలేదు.
నీళ్ళ దగ్గర అంటుకుంది.

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు మీద
మా గుడారపు ఇంటికి కుళాయి లేదు.
రెండు క్యాన్లు, ఒక తోపుడు బండి,
దిగువన నీళ్ళ గది,
దాని బుల్లి కిటికీలో దంబా తాత.
చలికాలం ఆ వరస కదలదు.
కాళ్ళు మాత్రం కదుపుతూ ఉండాలి, గడ్డకట్టకుండా.
ఒకరోజు ముందున్నావిడ
పొయ్యి రాజేయడానికి తెచ్చుకున్న పాత పుస్తకాల కట్టలోంచి
ఒకటి అడిగి పుచ్చుకుని, ఏమీ తోచక తెరిచాను.
మొదటి పదహారు పేజీలు అప్పటికే బూడిద.
పదిహేడో పేజీలో ఎవరో ఒకావిడ రైలు దిగుతోంది.
ఎందుకు దిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్పట్నుంచి నా లెక్కలు వేరు.
ముందు ఆరుగురుంటే నాలుగు పేజీలు.
ఉన్ని తొడుగుతో కాగితం తిరగదని
చూపుడువేలు కొస కత్తిరించుకున్నాను.
అమ్మ తిట్టింది, తిట్టి
ఆ అంచు ఇంకా చిరక్కుండా కుట్టిపెట్టింది.
పెన్నులో సిరా గడ్డకట్టేది.
నచ్చిన వాక్యం కింద గోటితో గీసేదాన్ని.
ఎండాకాలం తెరిచి చూస్తే
కొన్ని గీతలు ఎందుకు గీశానో అర్థం కాలేదు.
ఆ గోరు నాదే, ఆ పిల్ల మాత్రం నేను కాదు.

దంబా తాత చిల్లర తిరిగిస్తూ అడిగేవాడు:
"ఇవాళ ఎవరు పోయారు?"
కథన్నాక ఎవరో ఒకరు పోవాలి, ఆయన లెక్కలో.
"ఎవరూ పోలేదు తాతా, ఒక ఉత్తరం అందలేదంతే."
"అయితే రేపు పోతారులే" అనేవాడు నింపాదిగా.

రెండో ఏడు హాస్టల్ గది దొరికింది.
గోడకి కుళాయి. తిప్పితే నీళ్ళు. వేడివి కూడా.
బల్ల, దీపం, లైబ్రరీ కార్డు,
ఎవరూ తోసుకోని పొడుగాటి సాయంత్రాలు.
ఒక్క పుస్తకం పూర్తి కాలేదు.
"నీకు క్రమశిక్షణ లేదు" అంది గదిలో ఉయాంగా.
లేకపోవచ్చు.
నాకు లేనిది వరసేమో అని తట్టడానికి
రెండు సెమిస్టర్లు పట్టింది.

మొన్న ఆదివారం ఇంటికెళ్ళి బండి నేనే తోసుకెళ్ళాను.
"ఇవాళ ఎవరు పోయారు?"
ఏమీ చదవలేదని చెప్పడానికి నోరు రాక
అప్పటికప్పుడు ఒక నావికుణ్ణి పుట్టించి
తుఫానులో ముంచేశాను.
సముద్రం నేను చూడలేదు, ఆయనా చూడలేదు.
తాత కాసేపు మాట్లాడలేదు.
"పెళ్ళయిందా అతనికి?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
ఎగువ దారంతా, నిండు క్యాన్ల వెనక,
ఆ నావికుడు తడిబట్టలతో నా వెంటే నడిచాడు.

చదివితే మనిషి మారతాడంటారు.
నాలో ఏం మారిందో తీసి చూపించమంటే చూపించలేను.
ఒకటి మాత్రం ఉంది.
వెనకటికి ఎవరైనా వరసలో నా ముందు దూరితే
ఖాళీ క్యాను ఎత్తేదాన్ని.
పోను పోను దూరనిచ్చాను.
మంచితనమేమీ కాదు,
ఇంకో అరపేజీ దక్కుతుందని.
దురాశే నన్ను నెమ్మదస్తురాల్ని చేసింది.

ఇప్పుడు హాస్టల్ వంటగదిలో
కరెంటు పొయ్యి పక్కన నిలబడి చదువుతాను.
కూర్చోను.
ఉప్పేసిన పాలటీ కాగేదాకా.
సెగ బాగా తగ్గిస్తాను.
ఉయాంగా తలుపులోంచి తొంగి చూసి
"ఇంకా కాగలేదా?" అంటుంది.
"నా ముందు ఇంకా ముగ్గురున్నారు" అంటాను.